కోసిగి నుంచి తుంగభద్రకు సైకిల్‌పై ఒక్కరోజు టూర్.. కిలోమీటర్లు కాదు, నీళ్లు, ఎండ, గాలి లెక్కేసుకోండి!

కోసిగి (కర్నూలు జిల్లా): సైకిల్ ఉంది. ఆదివారం సెలవు ఉంది. పక్కనే తుంగభద్ర ఉంది. ఇంకేం కావాలి, పోదాం పద.. అనుకుంటారు చాలామంది. కానీ కర్నూలు జిల్లా పడమటి అంచున ఉన్న కోసిగి లాంటి చోట సైకిల్ టూర్ అంటే అంత తేలిక కాదు. పొద్దున చల్లగా మొదలైన ప్రయాణం మధ్యాహ్నానికి నిప్పుల మీద నడకలా మారిపోతుంది. దారిలో నీడ తక్కువ. నీళ్లు దొరికే చోట్లు ఇంకా తక్కువ. చివరికి నది కనిపించగానే ఒళ్లు మరిచి దిగితే.. అసలు ప్రమాదం అక్కడే ఉంటుంది.

అలాగని మానుకోవాల్సిన పని లేదు. బండరాళ్ల గుట్టలు, కాలువ, నది.. ఈ మూడూ ఒకే రోజులో సైకిల్‌పై చూసి రావచ్చు. కావాల్సిందల్లా ముందస్తు ప్లాన్. ఏ నెలలో వెళ్లాలి? ఎన్ని గంటలకు బయల్దేరాలి? ఎన్ని నీళ్లు పట్టుకెళ్లాలి? ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఆగకూడదు? ఓసారి చూద్దాం.

అడవి ఎక్కడుంది? నీళ్లెక్కడున్నాయి?

ముందు ఒక విషయం స్పష్టంగా తెలుసుకోవాలి. కోసిగి చుట్టూ దట్టమైన అడవి లేదు. అడవి అనగానే గుర్తొచ్చే నల్లమల ఇక్కడి నుంచి చాలా దూరం. నల్లమల ముఖద్వారం లాంటి ఆత్మకూరుకు నేరుగా గీత గీసి కొలిచినా దాదాపు 140 కిలోమీటర్లు. అంటే సైకిల్‌పై ఒక్కరోజులో వెళ్లి రావడం జరిగే పని కాదు. పైగా అది టైగర్ రిజర్వ్. శ్రీశైలం వెళ్లే దోర్నాల ఘాట్‌లో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలనే వదలరు. ఇష్టమొచ్చిన బాటలో సైకిల్ తోసుకుంటూ లోపలికి పోతామంటే కుదరదు.

మరి కోసిగి దగ్గర ఏముంది? ఏనుగంత బండలు ఒకదానిపై ఒకటి పేర్చినట్టు ఉండే గుట్టలున్నాయి. వాటి చుట్టూ తుమ్మ, వేప, రేగు, సీతాఫలం చెట్లతో నిండిన ముళ్లపొదల అడవి ఉంది. చూడ్డానికి ఎండిపోయినట్టు కనిపిస్తుంది కానీ, అందులో ప్రాణం ఉంది. నెమళ్లు, కంజులు, పాలపిట్టలు కనిపిస్తాయి. తెల్లవారుజామున చేలల్లో కృష్ణజింకల మందలు తిరుగుతాయి. బైక్ శబ్దానికి పారిపోయే జింకలు సైకిల్ వస్తే కాసేపు నిలబడి చూస్తాయి. ఈ ప్రాంతాన్ని సైకిల్‌పై చూడాలనడానికి ఇదొక్కటి చాలు.

ఇక నీళ్ల సంగతి. ఒకటి తుంగభద్ర నది. కర్ణాటకలోని కూడ్లి దగ్గర తుంగ, భద్ర కలిసి మొదలయ్యే ఈ నది 531 కిలోమీటర్లు ప్రవహించి కృష్ణలో కలుస్తుంది. కోసిగి, మంత్రాలయం ప్రాంతంలో నదికి ఇవతల ఆంధ్రప్రదేశ్, అవతల కర్ణాటక. రెండోది తుంగభద్ర దిగువ కాలువ. అందరూ ఎల్‌ఎల్‌సీ అంటారు. హోస్పేట దగ్గరి తుంగభద్ర డ్యాం నుంచి మొదలై, మూడు వందల కిలోమీటర్లకు పైగా సాగి ఆదోని, కోసిగి, ఎమ్మిగనూరు ప్రాంతాల పొలాలకు నీళ్లిస్తుంది. జిల్లాలో సుమారు లక్షన్నర ఎకరాల ఆయకట్టు ఈ కాలువ మీదే ఆధారపడి ఉంది. మూడోది పులికనుమ రిజర్వాయర్. నది నీటిని ఎత్తిపోసి ఎల్‌ఎల్‌సీ ఆయకట్టుకు ఆసరాగా ఉండేందుకు కట్టిన జలాశయం ఇది.

అందుకే ఇక్కడి టూర్ అంటే.. గుట్టల పక్కగా బయల్దేరి, కాలువ దాటి, నది చూసి తిరిగి రావడం. ఎక్కువ మందికి నప్పేది కోసిగి నుంచి మంత్రాలయం రూట్. రోడ్డు మీద రమారమి 25 నుంచి 30 కిలోమీటర్లు. రానూపోనూ కలిపి 60 లోపే.

ఏ నెలలో వెళ్లాలి? గాలిని చూసి తేల్చుకోండి

నవంబరు నుంచి ఫిబ్రవరి మొదటి వారాల వరకు మంచి సీజన్. ఎండ తక్కువ ఉంటుందన్నది ఒక్కటే కారణం కాదు. గాలి కూడా కలిసొస్తుంది.

కోసిగి నుంచి మంత్రాలయం తూర్పు, ఈశాన్యం దిక్కులో ఉంటుంది. చలికాలంలో గాలి ఎక్కువగా అటువైపు నుంచే వీస్తుంది. అంటే పొద్దున ఒంట్లో సత్తువ ఉన్నప్పుడు ఎదురుగాలి. సాయంత్రం అలసిపోయి తిరిగొచ్చేటప్పుడు వెనక నుంచి తోసే గాలి. సైకిల్ తొక్కేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

జూన్ నుంచి ఆగస్టు వరకు సీన్ రివర్స్. నైరుతి గాలి బలంగా ఉంటుంది. పొద్దున వెళ్లేటప్పుడు రెక్కలొచ్చినట్టు వెళ్లిపోతారు. ఆహా, ఇంత సులువా అనిపిస్తుంది. అసలు కష్టం తిరుగు ప్రయాణంలో తెలుస్తుంది. అదే 28 కిలోమీటర్లు ఎదురుగాలిలో రెట్టింపు టైం తీసుకుంటాయి. చాలామంది దారి మధ్యలో కూలబడేది ఇలాంటప్పుడే. పొద్దున ఎంత ఫాస్ట్‌గా వెళ్లామన్నదాన్ని బట్టి సాయంత్రం లెక్క వేసుకోకూడదు.

వానాకాలంలో ఇంకో చిక్కు ఉంది. ఇక్కడ చాలా చోట్ల నల్లరేగడి నేల. వాన పడితే పొలాల బాటలో రేగడి మట్టి టైరుకు చుట్టుకుని, మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రం తిరగదు. సైకిల్‌ను భుజాన మోయాల్సి వస్తుంది. వాన వచ్చేలా ఉంటే తారు రోడ్డు వదిలి పక్క బాట పట్టొద్దు.

మార్చి నుంచి మే వరకైతే పూర్తి రోజు టూర్ మాటే వద్దు. ఏప్రిల్, మే నెలల్లో జిల్లాలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. అంతగా తొక్కాలనిపిస్తే తెల్లవారుజామున కాలువ దాకా వెళ్లి తొమ్మిదిన్నరలోపు ఇంటికి చేరుకోవాలి.

టైం టేబుల్ ఇదీ.. తిరుగు టైం మాత్రం మార్చొద్దు

సైకిల్ టూర్‌లో ఎక్కువ మంది వేసుకునే లెక్క ఎంత దూరం అని. వేసుకోవాల్సిన లెక్క మాత్రం ఎన్నింటికి వెనక్కి తిరగాలి అని. మామూలు సైకిల్‌పై అలవాటున్న మనిషి గంటకు 12 నుంచి 15 కిలోమీటర్లు వెళ్తాడు. గేర్ల సైకిల్ అయితే ఇంకొంచెం ఎక్కువ. ఆగడం, నీళ్లు తాగడం కలుపుకొంటే మంత్రాలయం చేరడానికి రెండున్నర గంటలు వేసుకోవాలి.

నవంబరు చివర్లో ఇక్కడ సూర్యోదయం దాదాపు ఆరున్నరకు. సూర్యాస్తమయం ఐదు నలభై ప్రాంతంలో. ఈ లెక్కన ప్లాన్ ఇలా ఉంటుంది.

• ఉదయం 6:15 - వెలుగు రాగానే బయల్దేరాలి. చీకట్లో వద్దు. గుట్టల పక్క దారుల్లో జంతువులు తిరిగే టైం అది.
• 7:30 - మొదటి బ్రేక్. పది నిమిషాలు చాలు. టైర్లలో గాలి చూసుకోవాలి.
• 9:00 - మంత్రాలయం. వేడివేడి ఉగ్గాని, బజ్జి తినే టైం.
• 9:00 నుంచి 2:30 - నదీతీరం, రాఘవేంద్రస్వామి మఠం, భోజనం, నీడలో విశ్రాంతి.
• మధ్యాహ్నం 2:30 - తిరుగు ప్రయాణం. ఇదే చివరి గడువు.
• సాయంత్రం 5:00 - కోసిగి.

ఐదుకు ఇంటికి చేరితే చీకటి పడటానికి ఇంకా నలభై నిమిషాలుంటుంది. ఆ నలభై నిమిషాలు ఒక పంక్చర్ కోసం దాచుకున్న టైం. ఫొటోల కోసమో, ఇంకో చోటు చూద్దామనో దాన్ని వాడేస్తే, పంక్చర్ పడిన రోజు చీకట్లో లారీల మధ్య సైకిల్ నడపాల్సి వస్తుంది. రెండున్నరకు బయల్దేరలేకపోతే సైకిల్‌ను బస్సు మీదో, ఆటోలోనో వేసుకుని రావడమే మేలు. అందులో నామోషీ ఏమీ లేదు.

నీళ్లు.. ఈ టూర్‌కు అసలు పెట్రోల్ ఇదే

ఎండలో సైకిల్ తొక్కే మనిషికి గంటకు అర లీటరు నుంచి లీటరు నీళ్లు కావాలి. వెళ్లడానికి రెండున్నర గంటలంటే మనిషికి కనీసం రెండు లీటర్లు. తిరిగొచ్చేటప్పుడు ఎండ ఎక్కువ కాబట్టి మంత్రాలయంలో మళ్లీ రెండున్నర లీటర్లు నింపుకోవాలి. దాహం వేశాక తాగుదాం అనుకుంటే అప్పటికే ఆలస్యం. ప్రతి పావుగంటకు నాలుగు గుటకలు తాగుతూ ఉండాలి.

ఒట్టి నీళ్లు మాత్రమే సరిపోవు. చెమటతో పాటు ఉప్పు కూడా పోతుంది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండు జేబులో ఉండాలి. లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపుకోవచ్చు. ఇక్కడ చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి. ఉప్పు వేసిన మజ్జిగ కూడా బాగా పనిచేస్తుంది. సద్దిలో జొన్నరొట్టె, పల్లీల చట్నీ కట్టుకుంటే కడుపు నిండుగా, తేలికగా ఉంటుంది.

తల తిరగడం, వాంతి వచ్చినట్టుండటం, కాళ్లు పట్టేయడం.. ఇవి శరీరం ఇచ్చే మొదటి హెచ్చరికలు. వెంటనే నీడకు చేరి, తడిగుడ్డతో మెడ, చంకలు తుడుచుకోవాలి. మాట తడబడుతున్నా, తికమకగా ప్రవర్తిస్తున్నా, స్పృహ తప్పుతున్నా అది వడదెబ్బ. ఒంటిమీద నీళ్లు పోసి చల్లబరుస్తూనే 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు.

ఇంకో మాట. ఎండాకాలం దగ్గరపడే కొద్దీ ఈ పడమటి మండలాల పల్లెల్లో తాగునీటికే కష్టంగా ఉంటుంది. బిందెలతో లైన్లో నిల్చునే చోట సైకిల్ కడుక్కోవడం, తలమీద నీళ్లు కుమ్మరించుకోవడం బాగుండదు. "అన్నా, తాగేకి నీళ్లు దొరుకుతాయా?" అని అడిగితే కాదనేవాళ్లు ఉండరు. అడిగి, తాగేంత పట్టుకుంటే చాలు. కన్నడంలో జవాబు వచ్చినా కంగారుపడొద్దు. ఈ ప్రాంతం 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు బళ్లారి జిల్లా ఆదోని తాలూకాలో ఉండేది. ఇప్పటికీ రెండు భాషలూ వినిపిస్తాయి.

సర్కారు తుమ్మ ముల్లు.. టైరుకు మొదటి శత్రువు

ఈ దారుల్లో సైకిల్‌ను ఆపేది చాలావరకు ముల్లే. రోడ్డు పక్కన, కాలువ గట్ల మీద సర్కారు తుమ్మ విపరీతంగా పెరిగి ఉంటుంది. రైతులు కొట్టి పడేసిన కంప దారి మీదకు వస్తుంది. పల్లేరు కాయలు సరేసరి. అందుకే దగ్గర ఉంచుకోవాల్సినవి:

• ఒక స్పేర్ ట్యూబు
• ప్యాచ్‌లు, సొల్యూషన్, గరుకు కాగితం
• చేతి పంపు, టైరు విప్పే లీవర్లు
• సైకిల్‌కు సరిపోయే రెండు స్పానర్లు
• వెనక ఎర్ర లైటు, ముందు టార్చి
• పది మీటర్ల నైలాన్ తాడు

బయల్దేరే ముందురోజే బ్రేక్ రబ్బర్లు, చైన్ చూసుకోవాలి. ముల్లు గుచ్చుకుంటే ట్యూబు మార్చేముందు టైరు లోపల చేత్తో నెమ్మదిగా తడిమి చూడాలి. ముల్లు అందులోనే ఉండిపోతే కొత్త ట్యూబు కూడా ఐదు నిమిషాల్లో పోతుంది. ఆగినప్పుడు సైకిల్‌ను పొదల్లోకి దింపకుండా రోడ్డు అంచున నిలబెడితే సగం పంక్చర్లు తప్పుతాయి.

గుట్టలు దూరం నుంచే అందం

బండల మధ్య గుహలా కనిపించే సందులు చూస్తే ఎక్కాలనిపిస్తుంది. రీల్ తీయాలనిపిస్తుంది. కానీ చిరుతలు, ఎలుగుబంట్లు పగలు పడుకునేది అలాంటి చోట్లే. ఇలాంటి బండరాళ్ల గుట్టలే ఉన్న పొరుగు బళ్లారి ప్రాంతంలో దరోజీ దగ్గర ఎలుగుబంట్ల కోసం 1994లో ప్రత్యేకంగా అభయారణ్యమే పెట్టారు. పగటిపూట రోడ్డు మీద సైకిల్‌పై వెళ్లేవాళ్ల జోలికి అవి సాధారణంగా రావు. వాటి సందుల్లోకి మనం దూరితేనే ప్రమాదం. పిల్లలున్న ఎలుగు అయితే మరీ డేంజర్.

కాబట్టి గుట్టను రోడ్డు మీది నుంచే చూడాలి. ఒంటరిగా కాకుండా ముగ్గురు, నలుగురు కలిసి వెళ్లాలి. ఎండుగడ్డి ఉన్నచోట సిగరెట్, పొయ్యి వంటివి వద్దే వద్దు. రిజర్వ్ ఫారెస్ట్‌లో నిప్పు పెట్టడం నేరం. జింకలు కనిపిస్తే వెంట పడొద్దు. వేటాడటమే కాదు, తరమడం, బెదిరించడం కూడా వన్యప్రాణి చట్టం కింద కేసు అవుతుంది.

కాలువలో దిగొద్దు.. గట్టు మీదే ఉండండి

ఎల్‌ఎల్‌సీ గట్టు మీద సైకిల్ తొక్కుతుంటే హాయిగా ఉంటుంది. ఒకపక్క పారే నీళ్లు, ఇంకోపక్క వరి, పత్తి, మిరప చేలు. అయితే కాలువ చూసినంత మంచిది కాదు. ఏటవాలు గట్టుకు పాచి పట్టి ఉంటుంది. దిగడం క్షణంలో పని. ఎక్కడానికి పట్టు దొరకదు. ఈత వచ్చినవాళ్లు కూడా ఒడ్డు చేరలేక అలసిపోయి మునిగిపోయేది అందుకే. కాళ్లు కడుక్కోవడానికి, బాటిల్ నింపుకోవడానికి కూడా దిగకపోవడమే మంచిది.

ఎవరైనా పడిపోతే వెంటనే దూకేయకూడదు. కాపాడబోయిన మనిషి కూడా కొట్టుకుపోయిన ఘటనలు చూస్తూనే ఉన్నాం. గట్టు మీదే పడుకుని తాడు, తువ్వాలు అందించాలి. బ్యాగులో ఉన్న స్పేర్ ట్యూబుకు గాలి కొట్టి తాడుకు కట్టి విసిరితే అది నీళ్లపై తేలుతుంది. పట్టుకోవడానికి పనికొస్తుంది. ఒకరు ఆ పనిలో ఉండగా ఇంకొకరు 112కి కాల్ చేయాలి.

ఇక్కడ వాన లేకున్నా నది పొంగుతుంది

తుంగభద్ర విషయంలో గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. పైన ఆకాశం నీలంగా ఉంటుంది. ఊళ్లో చినుకు పడి ఉండదు. అయినా నది పెరుగుతుంది. కారణం.. నీళ్లు వచ్చేది ఇక్కడి వాన వల్ల కాదు. పశ్చిమ కనుమల్లో కురిసిన వాన డ్యాంలోకి చేరి, అక్కడ గేట్లు ఎత్తితే ఇక్కడికి వస్తుంది. మంత్రాలయం నుంచి ఆ డ్యాం నేరుగా కొలిచినా 130 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ నంబర్ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. వెంటనే దిగువన ఉన్న కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాల ప్రజలను అప్రమత్తం చేయాల్సి వచ్చింది. అంతకుముందు 2009 అక్టోబరు వరదల్లో మంత్రాలయం క్షేత్రమే మునిగిపోయింది. ఎప్పుడో జరిగేవి కదా అనుకోవచ్చు. కానీ గేట్లు ఎత్తడం, దించడం సీజన్‌లో మామూలుగా జరిగేదే. మధ్యలో బండ మీద కూర్చుని ఫొటోలు దిగేవాళ్లకు చుట్టూ నీళ్లు పెరిగిన సంగతి తెలిసేసరికి ఒడ్డు దూరమైపోతుంది.

అందుకే బయల్దేరే ముందు రోజు డ్యాం నుంచి ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నారో వార్తల్లో చూసుకోవాలి. నీటి విడుదల పెంచుతున్నారంటే నది వైపు ప్లాన్ వాయిదా వేసుకోవాలి. స్నానం చేయాలంటే జనం ఉన్న ఘాట్‌లోనే, గొలుసులు, హద్దులు ఉన్నచోటే చేయాలి. ఇసుక తవ్విన చోట్ల మోకాలి లోతు అనుకున్నది ఒక్క అడుగులో మనిషి లోతు అవుతుంది. తుంగభద్రలో మొసళ్లు కూడా ఉన్నాయి. జనం లేని మడుగుల వైపు పోకపోవడమే మంచిది.

కర్నూలు వైపు వాళ్లకు ఇంకో రూట్

కోసిగి దూరం అనుకునే కర్నూలు నగరవాసులకు ఇదే నది మీద మరో చోటుంది. సుంకేసుల బ్యారేజీ, అక్కడి నుంచి మొదలయ్యే కేసీ కెనాల్. 1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ ఈ కాలువ తవ్వింది పొలాలకు నీళ్ల కోసమే కాదు, పడవలు నడపడానికి కూడా. అంటే ఒకప్పుడు ఇది కర్నూలు, కడప మధ్య నీటి రోడ్డు. ఇక్కడికి వెళ్లినా రూల్స్ అవే. చలికాలం, వెలుగులో ప్రయాణం, కాలువకు దూరం.

వెళ్లేముందు ఈ ఐదు చూసుకోండి

1. ఏ దారిలో వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పారా?
2. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఓఆర్‌ఎస్ ఉన్నాయా?
3. స్పేర్ ట్యూబు, పంపు, తాడు బ్యాగులో పెట్టారా?
4. డ్యాం నీటి విడుదల వార్త చూశారా?
5. తిరుగు టైం రెండున్నర అని గ్రూపులో అందరూ ఒప్పుకున్నారా?

రైల్లో సైకిల్ వేసుకుని కోసిగి రావాలనుకునేవాళ్లు దాన్ని లగేజీగా బుక్ చేయాల్సి ఉంటుంది. చిన్న స్టేషన్లలో ఆ సౌకర్యం ఉందో లేదో, రైలు ఎంతసేపు ఆగుతుందో ముందే అడిగి తెలుసుకోవాలి.

ఐదింటిలో ఒక్కదానికి 'లేదు' అన్నా ఆ ఆదివారం కాలువ దాకా వెళ్లి వచ్చేయండి. నది ఎక్కడికీ పోదు. వచ్చే వారం చూసుకోవచ్చు.